లక్కపిడత లోపలి భాగం: తరిమెన పనిలో తొలుపు పనిముట్ల చరిత్ర

వ్యాససంగ్రహం: ఆంధ్రదేశపు లక్కబొమ్మల గురించి వచ్చిన రచనలు ఎక్కువగా రంగును, పూతను, రూపాన్ని చర్చించాయి. పిడతను పిడతగా, భరిణెను భరిణెగా నిలిపేది మాత్రం లోపలి ఖాళీ. ఆ ఖాళీని తొలిచే పనిముట్టు ఎవరి చేతిలో తయారైంది, కొత్తగా పని నేర్చుకునే వ్యక్తికి అది ఏ వెలకు అందింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం ఏటికొప్పాక కేంద్రంగా పరిశీలిస్తుంది. చేతి తరిమెన స్థానంలో విద్యుత్ తరిమెన వచ్చినప్పుడు తొలుపు పనిముట్టు ఎందుకు ఖరీదైందో, కమ్మరికీ తరిమెన పనివారికీ ఉన్న సంబంధం ఎక్కడ తెగిందో వివరిస్తుంది.

కీలకపదాలు: తరిమెన, లక్కపిడత, భరిణె, ఏటికొప్పాక, అంకుడు కర్ర, కమ్మరం, తొలుపు ఉలి.

ఉపోద్ఘాతం

చిన్నదై, ముద్దుగా ఉన్న ఇంటిని లక్కపిడతతో పోల్చడం తెలుగువారికి అలవాటు. ప్రబంధాలలో బాలికలు ఆడుకునే గుజ్జెనగూళ్ల ఆట మొదలు మొన్నమొన్నటి బొమ్మరిళ్ల వరకు వంటపాత్రల నమూనాలు పిల్లల లోకంలో విడదీయరాని భాగం. కుండ, చెంబు, బిందె, తిరగలి, రోలు అన్నీ అరచేతిలో ఇమిడే పరిమాణంలో, ఎరుపు పసుపు లక్కపూతతో, ఒక బుట్టలో చేరి సంతలకు, తిరునాళ్లకు వచ్చేవి. వీటిలో రోలు, తిరగలి వంటివి దాదాపు గట్టి ముద్దలు. బిందె, పిడత, చెంబు అలా కావు. వాటికి కడుపు ఉండాలి, ఆ కడుపు కన్నా మూతి ఇరుకుగా ఉండాలి. పైభాగం తీర్చడం నేర్చుకున్న మనిషి ఆ లోపలి భాగం దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతాడు. నేర్చుకునేవారిని నిలబెట్టినా, పని మాన్పించినా ఆ ఘట్టంలోనే జరుగుతుంది.

తెలుగు క్రియాపదాలే ఈ తేడాను చక్కగా పట్టుకున్నాయి. చెక్కడం వేరు, పట్టడం వేరు, తొలచడం వేరు. చెక్కేవాడికి కర్ర కదలదు, ఉలి కదులుతుంది. తరిమెన పట్టేవాడికి కర్ర తిరుగుతుంది, ఉలి దాదాపు నిలిచి ఉంటుంది. తొలచడం ఈ రెండు విధాలుగానూ జరుగుతుంది. బొబ్బిలి వీణ కుండను పనసకర్రలో బాడితతోను, ఉలితోను తొలుస్తారు. అక్కడ కర్ర తిరగదు, తొలిచేవాడికి లోపలి భాగం అంతా కనిపిస్తూనే ఉంటుంది. లక్కపిడతలో కర్ర తిరుగుతుంది, ఉలి మొన చీకటిలో పనిచేస్తుంది. చూపు పనికిరాదు. చప్పుడు, చేతికి తగిలే అదురు, బయటికి రాలే పొట్టు మాత్రమే ఆనవాళ్లు.

‘తరిమెన’ నిఘంటువులకు తెలిసిన మాట. నేటి వ్యవహారంలో ఎక్కువచోట్ల ‘లేతు మిషను’ దాని స్థానాన్ని ఆక్రమించింది. హైదరాబాదు, సికింద్రాబాదు ప్రాంతాలలో ఉర్దూ మూలమైన ‘ఖరాదు’ కూడా వినిపిస్తుంది. ఈ వ్యాసంలో కర్రపని యంత్రానికి తరిమెన అనే మాటను, ఇనుప పని యంత్రానికి లేతు అనే మాటను వాడడం జరిగింది. ఈ విభజన వట్టి సౌకర్యం కోసం చేసినది కాదు. దాని వెనుక ఉన్న చరిత్ర ముందుకు వచ్చేకొద్దీ తెలుస్తుంది.

ఏటికొప్పాక: కర్ర నిర్ణయించిన పనిముట్టు

వరాహ నది ఒడ్డున, యలమంచిలికి సమీపంలో ఉన్న ఏటికొప్పాక పూర్వం విశాఖపట్నం జిల్లాలోనిది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో అనకాపల్లి జిల్లాలో చేరింది. సహకారోద్యమ చరిత్ర చదివినవారికి ఈ ఊరు 1933 నాటి సహకార చక్కెర కర్మాగారంతో పరిచయం. మిగిలినవారికి లక్కబొమ్మలతో పరిచయం. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజవర్ణాల పునరుద్ధరణకు పాటుపడిన సి.వి. రాజు 2023లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలనే ప్రదర్శించింది.

ఈ కీర్తి అంతా రంగుకు, రూపానికి దక్కింది. అది న్యాయమే. రసాయన రంగుల నుండి పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి మూలాలకు మళ్లడం పిల్లల నోటికి చేరే వస్తువు విషయంలో చిన్న మార్పు కాదు. కానీ ఈ కళ ఇంతకాలం సామాన్య కుటుంబాల చేతుల్లో నిలవడానికి మరొక కారణం ఉంది. దానికి ఎవరూ పురస్కారం ఇవ్వరు. ఆ కారణం అంకుడు కర్ర.

అంకుడు తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉండే కర్ర. వృక్షశాస్త్రంలో దీన్ని రైటియా టింక్టోరియా అంటారు. కర్ణాటకలోని చెన్నపట్నం బొమ్మలకూ ప్రధానంగా ఇదే కర్ర. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి అంకుడు కన్నా ఇంకా తేలిక. అది చెక్కడానికి అనుకూలం. అంకుడుకు తరిమెన మీద తిరిగినప్పుడు అంచు విరగకుండా నిలిచే పొందిక ఉంది, అయినా ఉలిని త్వరగా మొద్దుబార్చే కాఠిన్యం లేదు. టేకును దీనితో పోల్చి చూడవచ్చు. టేకు పోగులో ఇసుక స్వభావం గల సిలికా ఉంటుంది కాబట్టి మామూలు ఉక్కు అంచు కొద్దిసేపటికే అరిగిపోతుంది. చింతకర్ర గట్టిదనం గురించి చెప్పనక్కరలేదు. మాంసపు దుకాణాలలో కొట్టుడు మొద్దుగా దాన్ని ఎందుకు ఎంచుకుంటారో అందరికీ తెలుసు. ఊరి కొలిమిలో సాగదీసిన సాధారణ ఉక్కుతో రోజంతా తొలవగలగడం అంకుడు ఇచ్చిన సౌలభ్యం. కొత్తవారికి అందుబాటులో ఉండే పనిముట్టు ఏదని అడిగితే చరిత్ర చెప్పే మొదటి సమాధానం ఉలి పేరు కాదు, కర్ర పేరు.

ఈ కళ 400 ఏళ్ల నాటిదని తరచూ చెబుతారు. ఆ సంఖ్యను పట్టుకొని వాదించడం కన్నా కాకతీయుల కాలపు స్తంభాల వైపు చూడడం మేలు. వేయిస్తంభాల గుడిలోను, రామప్ప గుడిలోను వలయాలు తీరిన రాతి స్తంభాలు తిరుగుడు పని ఇచ్చే అందం ఈ ప్రాంతపు కంటికి 12, 13 శతాబ్దాలకే బాగా పరిచితమని చూపుతాయి. అయితే అక్కడ కనిపించేది కూడా బయటి భాగమే.

చేతి తరిమెన, కమ్మరి కొలిమి

పాత తరిమెనలో కర్రకు తాడు చుట్టి ఒకరు ఇటూ అటూ లాగేవారు, లేదా పనివాడే విల్లుతో తిప్పేవాడు. కర్ర ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తిరుగుతుంది. ఉలి ముందు తిరుగుడులోనే కోస్తుంది. వెనక్కు తిరిగేటప్పుడు చేతిని కొంచెం సడలించాలి. పనివాడు నేలమీద కూర్చొని ఉలిని చేతితో పట్టి, కాలివేళ్లతో అదిమి నడిపేవాడు. సగం సమయం వృథా అయినట్టు కనిపించే ఈ పద్ధతిలో నేర్చుకునేవారికి ఒక రక్షణ ఉంది. ఉలి లోపల ఎక్కడైనా దిగబడితే తాడు జారుతుంది, కర్ర ఆగుతుంది. ఉలి విరగదు, మణికట్టు మెలిపడదు.

రెండు మొనల మధ్య బిగించిన కర్రను తొలిస్తే నడుమ ఒక గుంజ మిగిలిపోతుంది; చివరికి దాన్ని విరిచి తీయాలి. అలా కాకుండా కర్ర ఒక కొసను తిరిగే దిమ్మెలోకి దిగ్గొట్టి, రెండో కొసను ఖాళీగా వదిలితే మూతి వైపు నుండి నేరుగా లోపలికి పోవచ్చు. భరిణెలకు, పిడతలకు అనువైనది ఈ రెండో పద్ధతి. ముందుగా బరమాతో నట్టనడుమ కావలసినంత లోతు బెజ్జం వేస్తారు. దీనికి కారణం తేలికగా లెక్కకట్టవచ్చు. నిమిషానికి 1000 చుట్లు తిరిగే 5 సెంటీమీటర్ల అడ్డుకొలత గల కర్ర అంచు దగ్గర ఉలి ముందు నుండి నిమిషానికి సుమారు 157 మీటర్ల కర్ర సాగిపోతుంది. నడిమి నుండి రెండున్నర మిల్లీమీటర్ల దూరంలో ఆ వేగం పదోవంతు. సరిగ్గా నడిబొడ్డున వేగమే లేదు, అక్కడ ఉలి కోయదు, నూరుతుంది. బరమా ఆ నడిబొడ్డును ముందే తీసేస్తుంది, లోతు ఎంతో కూడా చెబుతుంది. తొలుపు పనిముట్లలో అన్నిటికన్నా చవకైనదీ, కొత్తవారు అన్నిటికన్నా తక్కువగా పట్టించుకొనేదీ బరమాయే.

ఆ తర్వాత వచ్చేది ఉలి. భరిణెకు మూతి వెడల్పు కాబట్టి నిటారు ఉలి చాలు. పిడతకు భుజం కింద తొలవాలి, అందుకు మొన పక్కకు వంగి ఉండాలి. ఎంత వంపు అన్నది పిడత ఆకారాన్ని బట్టి మారుతుంది. ఒక పనివాడి చేతి కొలతకు సరిపోయిన వంకర మొన మరొకరి పిడతకు సరిపోకపోవచ్చు. అందువల్ల ఇది అంగడిలో దొరికే సరుకు కావడం కష్టం. కొలిమి దగ్గర నిలబడి, చేయబోయే పిడతను చూపించి, కొట్టించుకోవలసిన వస్తువు.

తెలుగు సమాజంలో కమ్మరి, వడ్రంగి పంచాణంవారిలో భాగంగా ఒకే సముదాయానికి చెందినవారు కావడం ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. ఊరి ఆయగార్ల వ్యవస్థలో వీరికి పంట మీద మేర ఉండేది. నాగలి కర్రు సాగదీయడానికి రైతు అప్పటికప్పుడు డబ్బు చెల్లించేవాడు కాదు. ఉలి పదును పెట్టించుకునే పనివాడికీ కమ్మరికీ మధ్య లెక్క ఇలాంటి పరస్పర సంబంధాలలో సాగింది. పనిముట్టుకు వెల ఉంది, కానీ అది ఒక్కసారి చెల్లించే వెల కాదు. విరిగితే మళ్లీ సాగదీస్తారు, వంపు చాలకపోతే మళ్లీ కాలుస్తారు, పొట్టిబడితే చిన్న పిడతల ఉలిగా మారుస్తారు. ఉక్కు ముక్క అదే, పనిముట్లు నాలుగు. ఈ వ్యవస్థను అందంగా చిత్రించి మురిసిపోవలసిన పనిలేదు. కులం దాటి కొలిమి దగ్గర చేరడం, స్త్రీ ఉలి పట్టడం ఇందులో సులభం కాలేదు. పనిముట్టు చవక, ప్రవేశం చవక కాదు.

ఉక్కు విషయంలో ఒక మాట. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం మూస ఉక్కును కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారని హెచ్.డబ్ల్యు. వాయ్సీ రాసిన వివరణ 1832లో అచ్చయింది. తెలంగాణ ఉక్కు ప్రసిద్ధి చెప్పేటప్పుడు దీన్ని ఉదహరించడం ఆనవాయితీ. అయితే ఆ ఉక్కు కీర్తి కత్తులది. తరిమెన ఉలికి అంతటి ఉక్కు అవసరం లేదు. మోటారు వాహనాలు వచ్చాక పాత కమాను పట్టీలు ఊరి కొలిమికి చేరాయి. విరగని గుణం వల్ల అవి ఇలాంటి పనికి చక్కగా సరిపోతాయి. అరిగిన ఆకురాళ్లతో ఉలి చేయడం కూడా ఉంది. అందులో ప్రమాదం ఉంది. ఆకురాయి గట్టిది, పెళుసుది. కాల్చి మెత్తబరచి, మళ్లీ తగినంత గట్టిపరచకుండా నేరుగా నూరి లోపలికి చాచితే ఒక్క తాకుడుకు పుటుక్కున విరుగుతుంది. చవక పనిముట్టు పేరుతో కొత్తవారు చేసే పొరపాట్లలో ఇది మొదటిది.

రికార్డుల చూపు

వలసపాలన కాలపు కళాగ్రంథాలలో తరిమెన లక్కపనికి చోటు దక్కింది. జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో భారతీయ పరిశ్రమకళలపై గ్రంథం ప్రచురించారు. 1902-03 ఢిల్లీ ప్రదర్శన సందర్భంగా జార్జ్ వాట్ కూర్చిన వివరణాత్మక సూచిక వెలువడింది. ప్రదర్శనశాలకు చేరిన వస్తువును చూసి రాసే పద్ధతి కాబట్టి ఈ రచనల దృష్టి సహజంగా పూత మీద, రంగుల పొరల మీద, ఎవరు ఎక్కడ చేస్తున్నారన్న దాని మీద నిలిచింది. విశాఖపట్నం పేరు వచ్చినచోట దంతం, కొమ్ము పొదిగిన పెట్టెలు, సామాను ముందుకు వచ్చాయి; 18వ శతాబ్దం నుండి ఐరోపా కొనుగోలుదారులను ఆకర్షించినవి అవే. కొన్ని క్రోసుల దూరంలో తయారయ్యే పిల్లల పిడతకు ఆ వెలుగులో చోటు లేదు.

తెలుగులో ఈ లోటు తీర్చగల పద్ధతి ఒకటి ఉండనే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం పనిముట్టు భాగాల పేర్లను ఊరూరా సేకరించి, బొమ్మలతో సహా నమోదు చేయడం నేర్పింది. నాగలి మేడి, నొగ, కర్రులకు దక్కిన ఆ శ్రద్ధ తరిమెన ఉలి మొనకు, దాని వంపులకు, వంపు వంపుకూ మారే పేరుకు దక్కవలసి ఉంది. పేరు పోతే కమ్మరికి చెప్పి చేయించుకునే మార్గం కూడా పోతుంది. అంగడివాడు చూపించిన దానితో సరిపెట్టుకోవడమే మిగులుతుంది.

విద్యుత్తు వచ్చాక

విద్యుత్ మోటారు తరిమెన పనిని సులభం చేసిందన్న మాట నిజం. తాడు లాగే రెండో మనిషి అవసరం తప్పింది. కర్ర ఒకేవైపు, ఆగకుండా, వేగంగా తిరుగుతుంది. లక్క పూయడానికి ఇది మేలు. తిరిగే కర్రకు లక్కకడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి కరిగి సమంగా పరుచుకుంటుంది, ఆపై మొగలి ఆకుతో మెరుగు పెట్టవచ్చు. పైభాగం తీర్చడానికీ మేలే. తొలచడానికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. ఉలి దిగబడితే ఇప్పుడు జారడానికి తాడు లేదు. మోటారు ఆగదు, ఏదో ఒకటి విరగాలి: కర్రో, ఉలో, వేలో.

ఇక్కడ రెండు సాంకేతిక విషయాలు చరిత్రకు అవసరం. మొదటిది వేడి. సాధారణ కర్బన ఉక్కు సుమారు 200 నుండి 250 డిగ్రీల సెల్సియస్ దాటితే గట్టిదనం కోల్పోవడం మొదలుపెడుతుంది. కమ్మరి కాల్చిన ఉలి మీద గడ్డిరంగు, ఊదారంగు, నీలిరంగు వరసగా పరుగెత్తడం చూసి ఎక్కడ ఆపాలో నిర్ణయించేది ఇందుకే. వేగంగా తిరిగే గట్టి కర్రలో, లేదా మరసాన మీద అజాగ్రత్తగా నూరేటప్పుడు, అంచు ఆ హద్దు దాటుతుంది. ఫ్రెడరిక్ టేలర్, మౌన్సెల్ వైట్ అమెరికాలోని బెత్లెహాం ఉక్కు కర్మాగారంలో రూపొందించి, 1900 నాటి పారిస్ ప్రదర్శనలో చూపిన హైస్పీడ్ స్టీల్ సుమారు 600 డిగ్రీల వరకు గట్టిదనం నిలుపుకుంటుంది. కర్రపనివారికి ఇది గొప్ప వరంగా కనిపిస్తుంది. కానీ ఆ ఉక్కును గట్టిపరచడానికి దాదాపు 1200 డిగ్రీల వేడిని అదుపులో ఉంచాలి. బొగ్గు కొలిమి, తోలుతిత్తి, కంటి అంచనాతో అది సాధ్యం కాదు. కమ్మరి చేతి నుండి ఉలి జారిపోయింది ఇక్కడే. కొత్త ఉక్కు మంచిదే, కానీ అది దాగలి మీద వంగదు.

రెండవది అదురు. ఉలిని ఆనించే బద్దను దాటి కర్ర కడుపులోకి ఎంత పొడవు చాచితే అంత అదురుతుంది. ఇది నేరు నిష్పత్తిలో పెరగదు. చాచిన పొడవు రెట్టింపైతే అదే ఒత్తిడికి వంగుడు ఎనిమిది రెట్లవుతుంది. దీనికి విరుగుడు కడ్డీ మందం. 10 మిల్లీమీటర్ల గుండ్రని కడ్డీకి బదులు 16 మిల్లీమీటర్లది తీసుకుంటే బిగువు సుమారు ఆరున్నర రెట్లు పెరుగుతుంది. అయితే పిడత మూతి 2 సెంటీమీటర్లే ఉంటే 16 మిల్లీమీటర్ల కడ్డీ లోపలికి పోయినా పక్కకు కదలడానికి చోటు ఉండదు. ఇరుకు మూతి సన్న కడ్డీని కోరుతుంది, సన్న కడ్డీ తక్కువ లోతును కోరుతుంది. లక్కపిడత చిన్నదిగా ఉండడానికి పిల్లల అరచేయి ఒక కారణమైతే ఊరి ఉలి రెండో కారణం. పిడత కొలతలను ఆ విధంగా ఒక పనిముట్టు శాసనంగా చదవవచ్చు.

మారేడ్‌పల్లి పక్కన: ఇనుప లేతు భాష

కమ్మరి చేతి నుండి జారిన ఉలి ఎవరి చేతిలో పడింది? సమాధానానికి అనకాపల్లి జిల్లా వదిలి సికింద్రాబాదు రావాలి. మారేడ్‌పల్లికి పక్కనే ఉన్న లాలాగూడలో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో కార్ఖానా స్థాపించింది. రైలు చక్రాలను, ఇరుసులను తిప్పి కోసే లేతులు, వాటికి కావలసిన ఉక్కు, టర్నరు అనే ఉద్యోగం పేరు ఇటువంటి కార్ఖానాల ద్వారా తెలుగు కార్మికుల మాటలలోకి ప్రవేశించాయి. 1950లో మొదలైన కేంద్ర వృత్తిశిక్షణ పథకం కింద ఐటీఐలు నేర్పే ‘టర్నర్’ విద్య ఇనుప పని విద్య. కర్ర తిప్పేవారికి ఆ ధ్రువపత్రంలో చోటు లేదు. ఒకే మూలసూత్రం మీద తిరిగే రెండు యంత్రాలలో ఒకటి ‘లేతు’గా చదువైంది, మరొకటి తరిమెనగా కులవృత్తి ఖాతాలో మిగిలింది.

అయినా ఇనుప లేతు వదిలిన ఒక చిన్న వస్తువు కర్రపనివారికి ఉపకరించింది. అది చతురస్రపు హైస్పీడ్ స్టీల్ బిట్టు. పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్ల కొలతలో, కర్మాగారంలోనే గట్టిపరచి వస్తుంది. సికింద్రాబాదు రాణిగంజ్ వంటి హార్డ్‌వేర్ బజారులలో కొద్ది వందల రూపాయలకు దొరుకుతుంది. దీన్ని కొలిమిలో పెట్టనక్కరలేదు, మరసాన మీద నూరితే చాలు. మెత్తని ఇనుప కడ్డీ కొసకు బెజ్జమో గాడో చేసి దీన్ని బిగిస్తే తొలుపు ఉలి సిద్ధం. కడ్డీని ఊరి కమ్మరి వంచగలడు, మొనను కర్మాగారం ఇస్తుంది. తెగిన సంబంధాన్ని సగం అతికించే ఏర్పాటు ఇది.

విదేశాలలో ఈ పనికి కొత్త గౌరవం తెచ్చినవారి అనుభవం కూడా ఇదే చెబుతుంది. ఇంగ్లండులో బకిల్‌బరీ అనే పల్లెప్రాంతంలో కాలితో తొక్కే తరిమెన మీద గిన్నెలు తొలిచిన జార్జ్ లేలీ తన వంకర ఉలులను తానే కొలిమిలో చేసుకున్నాడు. ఆయన 1958లో మరణించాక తరిమెన, ఉలులు రీడింగ్‌లోని గ్రామీణ జీవన ప్రదర్శనశాలకు చేరాయి. అమెరికాలో 1970లలో పలుచని గోడలు, ఇరుకు మూతి గల పాత్రలతో పేరు పొందిన డేవిడ్ ఎల్స్‌వర్త్ వంపు పనిముట్లను తానే తయారుచేసుకున్నాడు. కడ్డీ కొసన చిన్న ఉక్కు బిట్టును అతికించే పద్ధతి ఆయన ద్వారానే వ్యాప్తి చెందింది. 1986లో ఏర్పడిన అమెరికన్ తరిమెన పనివారి సంఘానికి ఆయన తొలి అధ్యక్షుడు. ఖరీదైన పనిముట్ల దుకాణాలు ఆ సంఘం పెరిగిన తరువాతి కథ. కళను నిలబెట్టినవి దుకాణాలు కావు. రాణిగంజ్ బిట్టు, ఎల్స్‌వర్త్ బిట్టు పుట్టింది ఒకే ఇనుప లేతు నుండి. ఒకదాన్ని కళాకారుని ఆవిష్కరణ అని, మరొకదాన్ని సర్దుబాటు అని పిలవడం న్యాయం కాదు.

కొత్తవారి ఎంపిక

పై చరిత్ర వెలుగులో నేడు నేర్చుకునేవారి ముందున్న దారులను అంచనా వేయవచ్చు. కొలిమి ఉలి, బిట్టు బిగించిన కడ్డీ, టంగ్‌స్టన్ కార్బైడ్ బిళ్ల బిగించిన ఉలి అని స్థూలంగా మూడు. కార్బైడ్ 1920లలో జర్మనీలోని క్రుప్ సంస్థ ‘విడియా’ పేరుతో అమ్మిన పదార్థం. దాని గుండ్రని బిళ్ల మొద్దుబారితే కొంచెం తిప్పి కొత్త అంచు వాడుకోవచ్చు, పదును పెట్టడం నేర్వనక్కరలేదు. కొత్తవారికి దీన్ని సిఫారసు చేసేవారి వాదం అదే. ఆ వాదంలోనే దాని లోపం కూడా ఉంది. అంకుడు వంటి మెత్తని కర్రలో మందపు అంచు పోగును కోయకుండా గీకుతుంది. లోపల నూగు లేస్తుంది. బిళ్లలు మళ్లీ మళ్లీ కొనాలి. పదును పెట్టడం నేర్వని మనిషి ఏ పనిముట్టుకైనా దుకాణం మీదే ఆధారపడతాడు. గట్టి కర్ర, పెద్ద గిన్నె, పట్టణపు అభిరుచి పని అయితే కార్బైడ్‌కు తగిన చోటు ఉంది. పిడత పనికి అది వృథా ఖర్చు.

అంకుడుతో మొదలుపెట్టేవారికి కమాను పట్టీ ఉక్కుతో కొట్టించిన రెండు ఉలులు, ఒకటి నిటారు, ఒకటి వంకర, నేటికీ చాలు. గట్టి కర్ర పట్టేవారికి బిట్టు కడ్డీ మేలు. ఏది ఎంచుకున్నా పిడి పొడవు విషయంలో పిసినారితనం కూడదు. లోపలికి 5 సెంటీమీటర్లు చాచే ఉలికి 40 సెంటీమీటర్ల పిడి ఉంటే మొన మీద పడే తాకుడు చేతికి ఎనిమిదో వంతుగా చేరుతుంది. పొడవైన పిడికి అయ్యే ఖర్చు ఒక కర్రముక్క. మొనను కర్ర నడిమట్టం కన్నా వెంట్రుకవాసి పైన ఉంచితే, అదురుకు మొన కిందికి వంగినా ఖాళీలోకే పోతుంది. కింద ఉంచితే గోడలోకి దిగబడుతుంది. పోగు నిలువుగా ఉన్న కర్రలో నడిమి నుండి గోడ వైపు కోయాలి. వెడల్పు గిన్నెలలో అడ్డపోగు ఉంటుంది కాబట్టి అంచు నుండి నడిమికి కోస్తారు. విదేశీ గిన్నెల పనిని చూసి నేర్చుకొని పిడతకు అదే వరస వాడేవారు నిష్కారణంగా ఉలిని నిందిస్తుంటారు.

భరిణె ముందు, పిడత తరువాత అన్న క్రమం ఈ కారణాలన్నిటి నుండి వస్తుంది. భరిణెలో నిటారు ఉలి చాలు, లోపలి గోడ కంటికి కనిపిస్తుంది, మూత బిగువు తప్పును వెంటనే పట్టిస్తుంది. మూత వదులైతే గోడ ఎక్కువ తొలిచినట్టు, బిగిస్తే తక్కువ తొలిచినట్టు. ఇంకొకరు వచ్చి దిద్దనక్కరలేదు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సహాయం ప్రకటించింది. పథకంలోని 18 వృత్తులలో వడ్రంగి ఉన్నాడు, కమ్మరి ఉన్నాడు, సుత్తులు, పనిముట్లు చేసేవారు ఉన్నారు, సంప్రదాయ బొమ్మల తయారీదారులు ఉన్నారు. తరిమెన పనివారు వేరుగా లేరు. బొమ్మల తయారీదారులలోనో, వడ్రంగులలోనో చేరాలి. ఇచ్చే మొత్తం తక్కువ కాదు. రెండు కొలిమి ఉలులు, ఒక బిట్టు కడ్డీ, బరమాలు, మరసాన కలిపినా అందులో ఒక భాగమే ఖర్చవుతుంది. కానీ సహాయం వ్యక్తికి, అతని వృత్తిపేరుకు అందుతుంది. తరిమెన పనివాడికీ కమ్మరికీ మధ్య జరగవలసిన మాటకు అందదు. కమ్మరికి తన పెట్టె వస్తుంది, బొమ్మల పనివాడికి తన పెట్టె వస్తుంది. వంకర మొన ఉలి ఆ రెండు పెట్టెలలో దేనిలోనూ ముందే అమర్చి పెట్టగలిగేది కాదు. అది చేయబోయే పిడత మూతి ఎంతో, భుజం ఎక్కడ వాలుతుందో తెలిశాక, కొలిమి దగ్గర కొలత చూపించి వంపించుకోవలసినది.